కార్డు మీద పేరు, ఖాతాలో పేరు

పోయిన ఆషాఢమంతా మా ఇంట్లో మామిడికాయల లెక్కల కన్నా క్రెడిట్ కార్డుల లెక్కలే ఎక్కువ నడిచాయి. కలెక్టరు కాయ చివరి లోడు వెళ్ళిపోయింది, తోటలో పని తగ్గింది, మావారికి తీరిక దొరికింది. తీరిక దొరికితే మగవాళ్ళు ఊరుకుంటారా! డిసెంబరులో కోడలి పురుడు. వియ్యపురాలికి మోకాలి ఆపరేషన్ కావడంతో డాలస్ వెళ్ళాల్సింది నేనే. నాతో ఆయన. రెండు టికెట్లు. అవి ఏ కార్డు మీద కొనాలన్నదే తగువు.

ఒకవైపు మావారు, ఒకవైపు డాలస్ నుంచి మా అబ్బాయి, మధ్యలో బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడి కొడుకు. వీడికి కార్డుల పిచ్చి. వాడి పర్సు తెరిస్తే పేకముక్కల్లా పరుచుకుంటాయి. "అత్తా, మామయ్యని ఇన్ఫీనియా తీసుకోమను. లాంజులోకి మీరిద్దరూ ఎన్నిసార్లయినా ఉచితంగా వెళ్ళొచ్చు" అంటాడు. అబ్బాయేమో, "అమ్మా, ఇండియా కార్డుల్లో లాంజు తప్ప ఏముంది? సామాను పోతే ఇచ్చేదెవరు? టికెట్ నా కార్డు మీద నేనే కొంటాను" అంటాడు. మావారికి ఇద్దరి మాటా నచ్చలేదు. తిరువూరులో ఎరువుల కొట్టు టర్నోవర్ చూసి బ్యాంకువాళ్ళు ఆయనకు ఏనాడో ఒక పెద్ద కార్డు అంటగట్టారు. దాని మీద కొంటే పాయింట్లు వస్తాయని ఆయన ఆశ.

ముగ్గురూ ఫోన్లో అరుచుకుంటుంటే నేను పాల లెక్క, కూలీల లెక్క రాసే పుస్తకం వెనకవైపు నుంచి తిప్పి, ఒక్కొక్క కార్డుకు ఒక్కొక్క పేజీ పెట్టాను. మనకు బజారులో నాలుగు కొట్లు తిరిగి బేరం చూసుకోవడం కొత్తా ఏమిటి? కార్డైనా అంతే. ఎంత ఇస్తున్నాం, ఏం వస్తోంది, వచ్చేది మనకు పనికొస్తుందా.

ముందు ఇక్కడివి చెబుతాను. మేనల్లుడు చెప్పిన హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫీనియా ఫీజు ఏడాదికి 12,500 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,750. ఏడాదిలో 10 లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ. పైగా అది అడిగితే ఇచ్చేది కాదు, బ్యాంకువాళ్ళు పిలిచి ఇవ్వాలి. అదే బ్యాంకు రెగాలియా గోల్డ్ అయితే 2,500, జీఎస్టీతో 2,950. 4 లక్షలు వాడితే అదీ మాఫీ. యాక్సిస్ అట్లాస్ 5,000. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం ట్రావెల్ కూడా 5,000. ఈ రెండింటికీ జీఎస్టీతో 5,900 అవుతుంది. అమెక్స్ వాడు ఏడాదికి 4 లక్షలు వాడితే తాజ్ హోటల్ వోచరు ఇస్తాడు. బాగానే ఉంది కానీ మన చిన్న ఊళ్ళ కొట్లలో ఆ కార్డు అన్నిచోట్లా నడవదు. తాజ్‌లో పడుకోవడానికి ముందు తిరువూరులో నాలుగు లక్షలు ఎక్కడ గీకాలో వాడే చెప్పాలి.

ఇక్కడే నాకు మొదటి లెక్క తేలింది. మా ఇంటి ఖర్చులో కార్డుకు పోగలిగేది ఎంత? తోట కూలీలకు నగదు. పాలకు, కూరలకు ఫోన్. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ కొట్టి క్రెడిట్ కార్డు నుంచి కట్టాలంటే అది రూపే కార్డు అయి ఉండాలి. ఈ పెద్ద పెద్ద ప్రయాణాల కార్డుల్లో చాలావరకు వీసా, మాస్టర్‌కార్డ్, డైనర్స్, అమెక్స్‌లే. అంటే మా ఇంటి రోజువారీ ఖర్చులో ముప్పాతిక భాగం వాటి దగ్గరికే వెళ్ళదు. మాఫీ కోసం లేని ఖర్చు తెచ్చిపెట్టుకోవాలన్నమాట. ఆశ లావు, పీక సన్నం.

రెండోది లాంజు. అందరూ దీని గురించే గొప్పగా చెబుతారు. ఏడాదికి పది విమానాలు ఎక్కేవాళ్ళకు అది నిజంగా లాభమే, కాదనను. మేం విమానం ఎక్కేది రెండేళ్ళకోసారి. అదీ కాక ఈ ఉచితాలకు షరతులు పెరుగుతూ వచ్చాయి. 2023 డిసెంబరు నుంచి రెగాలియా కార్డుకు మూడు నెలల్లో లక్ష రూపాయలు వాడితేనే దేశీయ లాంజు అన్నారు. 2024 ఏప్రిల్ నుంచి ఐసీఐసీఐ వాళ్ళు చాలా కార్డులకు అంతకు ముందు మూడు నెలల్లో 35,000 వాడి ఉండాలన్నారు. మే నెల నుంచి యాక్సిస్ వాళ్ళు కొన్ని కార్డులకు 50,000 అన్నారు. కార్డు తీసుకున్న రోజు చెప్పిన మాట ఎక్కే రోజుకు ఉంటుందో లేదో, వెళ్ళే ముందు మళ్ళీ చూసుకోవాల్సిందే.

మూడోది చాలామంది పట్టించుకోనిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినది. విదేశంలో కార్డు గీకితే బ్యాంకు తీసుకునే మార్కప్. మామూలుగా మూడున్నర శాతం. దాని మీద మళ్ళీ జీఎస్టీ. లక్ష రూపాయల సరుకు కొంటే 4,130 రూపాయలు ఊరికే పోతాయి. రెండు శాతం తీసుకునే కార్డయితే 2,360. ఇన్ఫీనియా, రెగాలియా గోల్డ్ రెండు శాతం వాటిలోకి వస్తాయి. అట్లాస్, అమెక్స్ ట్రావెల్ మూడున్నరవి. ప్రయాణాల కార్డు అని పేరు పెట్టి పరాయి దేశంలో వాడితే ఎక్కువ కోసుకోవడం నాకు నవ్వొచ్చింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అసలు మార్కప్పే లేని కార్డులు కూడా ఉన్నాయి. వాటికి లాంజుల హంగూ, లోహపు కార్డు బరువూ ఉండకపోవచ్చు గానీ డబ్బు మిగిలేది అక్కడే.

ఇక అబ్బాయి వైపు పేజీలు. అమెరికాలో ఇలాంటి కార్డుల ఫీజులు చూస్తే గుండె గుభేలుమంది. చేజ్ సఫైర్ రిజర్వ్ 2016లో వచ్చినప్పుడు 450 డాలర్లు, 2020లో 550, సరిగ్గా మేం తగువు పడుతున్న ఆ జూన్ 23 నుంచి 795. మన డబ్బుల్లో దాదాపు డెబ్బై వేలు! అమెక్స్ ప్లాటినం అప్పటికి 695 డాలర్లు, సెప్టెంబరులో 895 అయ్యింది. క్యాపిటల్ వన్ వెంచర్ ఎక్స్ ఒక్కటే 395 దగ్గర ఆగింది. "తోట కాపు కొన్న వ్యాపారి ఇచ్చే బయానా అంత డబ్బు ఒక ప్లాస్టిక్ ముక్కకు కడతావా నాయనా?" అంటే "ప్లాస్టిక్ కాదమ్మా, లోహం" అన్నాడు. ఈ మూడిట్లో ఒకటి వాడి దగ్గర ఉంది. ఏదో చెప్పను, వాడి భార్యకే పూర్తి ఫీజు తెలియదు.

కానీ, న్యాయంగా చెప్పాలి, అక్కడి కార్డుల్లో కొనుగోళ్ళకు ఇచ్చే రక్షణ మన దగ్గర నేను చూసిన దానికన్నా చాలా గట్టిది. సఫైర్ రిజర్వ్ మీద కొన్న వస్తువు 120 రోజుల లోపు దొంగలు ఎత్తుకుపోయినా, పాడైపోయినా ఒక్కో క్లెయిముకు 10,000 డాలర్ల వరకు ఇస్తారు. అమెక్స్ ప్లాటినంకు 90 రోజులు. కంపెనీ ఇచ్చిన వారంటీకి ఇంకో ఏడాది కలుపుతారు. చేజ్ వాళ్ళు మూడేళ్ళ లోపు వారంటీలకు, అమెక్స్ వాళ్ళు ఐదేళ్ళ లోపు వాటికి. కొన్న వస్తువు 90 రోజుల లోపు తిరిగి ఇద్దామంటే కొట్టువాడు ఒప్పుకోకపోతే అమెక్స్ వస్తువుకు 300 డాలర్ల వరకు, చేజ్ 500 వరకు వెనక్కి ఇస్తారు. కోడలి ల్యాప్‌టాప్ ఏడాది వారంటీ దాటిన రెండో నెలలో తెర పోతే, రిపేరు బిల్లు, కొన్న రసీదు, వారంటీ కాగితం పంపితే డబ్బు వచ్చిందట. అదే మనం ఫ్రిజ్ కొనేటప్పుడు కొట్టువాడు పక్కన నిలబడి "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి మేడం" అని మూడు వేలు అడుగుతాడు చూడండి, ఆ పని అక్కడ కార్డే చేస్తుంది.

మన దగ్గర కార్డు పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉండేది విమాన ప్రమాద బీమా. ఇన్ఫీనియాకు 3 కోట్లు, రెగాలియా గోల్డ్‌కు కోటి. అమంగళం ప్రతిహతమవుగాక! ఇది మావారికి నచ్చింది, నాకు భయం వేసింది. ఇది కూడా కార్డు అసలు యజమానికే గానీ పక్క సీట్లో కూర్చున్న భార్యకు ఉండకపోవచ్చు, పుస్తకంలో చూసుకోవాలి. నామినీ పేరు రాయించారా అని అడిగితే మావారు తల గోక్కున్నారు. కార్డు తీసుకుని ఏడేళ్ళు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజే బ్యాంకుకు మెయిల్ పెట్టించాను.

మనకున్న అసలు రక్షణ కార్డు కంపెనీ దయ కాదు, రిజర్వ్ బ్యాంకు నియమం. 2017 జూలై 6 నాటి సర్క్యులర్ ప్రకారం మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా ఎవరో మన కార్డుతో డబ్బు కాజేస్తే, సమాచారం వచ్చిన మూడు పనిదినాల లోపు బ్యాంకుకు చెబితే మన మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే పరిమితి మేరకు భరించాలి. ఆ తరువాత బ్యాంకు ఇష్టం. బ్యాంకుకు చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వెనక్కి వేయాలి కూడా. ఇది పదిహేను వేల ఫీజు కార్డుకూ అంతే, ఫీజు లేని కార్డుకూ అంతే. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం మనదే. అందుకే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు "మా అబ్బాయి చూస్తాడులే" అని వదిలేయకండమ్మా. మూడు రోజులు అంటే ఒక పెళ్ళికి వెళ్ళొచ్చేలోగా అయిపోతాయి.

ఇంతకీ టికెట్ ఎవరి కార్డు మీద? రెండు పుస్తకాలూ ముందు పెట్టుకుని, "కుటుంబ సభ్యులు అంటే ఎవరు" అన్న ముక్క దగ్గర ఆగాను. అబ్బాయి కార్డులో విమానం ఆలస్యమైతే హోటల్ ఖర్చులు భార్యకు, పిల్లలకు మాత్రమే. తల్లిదండ్రులు అందులో లేరు. కానీ సామాను ఆలస్యమైతే, పోతే మాత్రం తల్లిదండ్రులు ఉన్నారు, వాడు మాతో ప్రయాణం చేయకపోయినా సరే, టికెట్ వాడి కార్డు మీద కొంటే చాలు. మావారి కార్డులో సామాను ఆలస్యానికి ఇచ్చేది కార్డు యజమానికే. నా పేరు ఉన్న అదనపు కార్డు నా పర్సులో ఉన్నా నేను అందులోకి రాను. "పాయింట్లు పోతాయే" అని మావారు గొణిగారు. ఎన్ని వస్తాయో లెక్క కట్టి చూపించాను. రెండు మిక్సీ జార్ల ఖరీదు కూడా లేదు. టికెట్ అబ్బాయి కార్డు మీద తీసుకున్నాం.

ఒక్క విషయంలో మాత్రం నేను ఏ కార్డునూ నమ్మలేదు. జబ్బు. మావారికి బీపీ, షుగరు. అబ్బాయి కార్డు వాళ్ళ అమ్మానాన్నల ఆసుపత్రి ఖర్చు ఇవ్వదు. ఇండియా కార్డుల్లో విదేశీ ఆసుపత్రి ఖర్చు అని రాసి ఉంటుంది, ఇన్ఫీనియాలో 50 లక్షలు, రెగాలియా గోల్డ్‌లో 15 లక్షలు. అది అత్యవసరానికి, ముందునుంచీ ఉన్న జబ్బులను సాధారణంగా పక్కన పెడతారు. అరవై దాటిన మనిషికి ముందునుంచీ లేని జబ్బు ఏముంటుంది చెప్పండి! విడిగా ప్రయాణ బీమా తీసుకున్నాం, బీపీ షుగరు సంగతి దాచకుండా రాసి. ప్రీమియం ఎక్కువైంది. మావారు మొహం మాడ్చుకున్నారు. సరే.

నవంబరు మధ్యలో బయలుదేరాం. శంషాబాద్‌లో మావారి కార్డు మీద లాంజుకు వెళ్ళాం. బల్ల దగ్గర కార్డు గీకి రెండు రూపాయలు తీసుకున్నారు. ఆయన ఉప్మా, ఇడ్లీ, పెరుగన్నం, మళ్ళీ ఉప్మా తిని, "ఏడేళ్ళ ఫీజులో ఈ పూటకు ఎంత పడిందో తెలుసా" అని తనే లెక్క చెప్పి, ఇంకో కాఫీ తెచ్చుకున్నారు. మధ్యలో దిగిన విమానాశ్రయంలో చాక్లెట్లు కొంటే మెషీన్ మీద "రూపాయల్లో కడతారా, ఇక్కడి డబ్బులోనా" అని వచ్చింది. రూపాయలు అనగానే మావారి వేలు అటు వెళ్ళింది. నేను చెయ్యి పట్టుకున్నాను. రూపాయల్లో అంటే మారకం రేటు ఆ కొట్టువైపు వాళ్ళు వేస్తారు, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. ఎక్కడ కొంటే అక్కడి డబ్బులోనే కట్టాలి. ఇంకో మాట, కొత్తగా ఇచ్చిన కార్డులు విదేశాల్లో వాడకుండా మూసే ఉంటాయి, రిజర్వ్ బ్యాంకు 2020లో పెట్టిన నియమం అది. ఇంట్లో ఉండగానే యాప్‌లో తెరుచుకోవాలి. తిరిగొచ్చాక మూసేయాలి.

డాలస్‌లో దిగాక మూడు పెట్టెలు వచ్చాయి. నాలుగోది, నాది, రాలేదు.

అందులో ఏముందంటే నా చీరలు, స్వెటర్లు, రెండు కేజీల ఆవకాయ, అన్నిటికన్నా ముఖ్యం, కోడలికి పురుటి కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు అన్నీ వేయించి, దంచి, జల్లించి, నెయ్యి బెల్లంతో ఉండ చేసి పెట్టుకున్నది. బీమావాడు దానికేం వెల కడతాడు? నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పటికే అబ్బాయి బయట కారుతో నిలబడి రమ్మని ఫోన్లు. మావారు "పదవే, ఇంటికెళ్ళి ఫోన్ చేద్దాం" అన్నారు. నేను కదల్లేదు. సామాను కౌంటరు దగ్గర ఫిర్యాదు రాయించి, దాని నంబరు ఉన్న కాగితం తీసుకున్నాకే బయటికి వచ్చాను. ఆ కాగితం లేకపోతే తరువాత ఏ కార్డువాళ్ళూ, ఏ బీమావాళ్ళూ మాట వినరని పుస్తకంలో చదివే వెళ్ళాను కదా.

అందరికీ పనికొచ్చే సంగతి ఒకటి. ఏ కార్డూ లేకపోయినా అంతర్జాతీయ ప్రయాణంలో సామాను పోతే, పాడైతే, ఆలస్యమైతే విమానంవాళ్ళే బాధ్యులు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం అది, మన దేశం 2009లో చేరింది. మనిషికి 1,519 ఎస్‌డీఆర్ వరకు పరిమితి, 2024 డిసెంబరు 28 నుంచి పెంచారు. దాదాపు రెండు వేల డాలర్లు. అదే మొత్తం ఇచ్చేస్తారని కాదు, మన నష్టానికి రుజువు చూపించాలి. పెట్టె పగిలి వస్తే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. నోటి మాట చాలదు.

నా పెట్టె మూడో రోజు వచ్చింది. ఆవకాయ సీసా మూత ఊడి ఒక పట్టుచీరకు ఆవపిండి వాసన పట్టింది గానీ కాయం మాత్రం దేవుడి దయవల్ల చెక్కుచెదరలేదు. ఈలోగా స్వెటరు, రెండు జతల బట్టలు, దువ్వెన, పళ్ళపొడి, నా కాలికి సరిపోయే చెప్పులు కొన్నాం. 186 డాలర్లు. ఆరు గంటలు దాటి ఆలస్యమైతే రోజుకు వంద డాలర్ల చొప్పున ఐదు రోజుల దాకా ఇచ్చే కార్డు కాబట్టి ప్రతి రసీదూ కోడలు ఫోటో తీసి పెట్టింది. టికెట్ కొన్న స్టేట్‌మెంటు, కౌంటరు కాగితం, పెట్టె ఎప్పుడు ఇచ్చారో విమానంవాళ్ళ ఉత్తరం. ఈ ఉత్తరం కోసమే నాలుగుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. అన్నీ పంపితే నెల తిరక్కుండా డబ్బు పడింది. అబ్బాయి "చూశావా నా కార్డు" అన్నాడు. "చూశాను, 186 వచ్చింది, ఏడాదికి నువ్వు కట్టేది చెప్పు" అన్నాను. కోడలు పక్కనే ఉంది. వాడు చంటిదాన్ని ఎత్తుకుని అటు వెళ్ళిపోయాడు.

ఇదంతా ఒక ఎత్తు. నేను ఆ పుస్తకంలో అంత పట్టుదలగా పేజీలు నింపడానికి అసలు కారణం కార్డులు కాదు, మా తోడికోడలు.

బావగారు 2023 కార్తీకమాసంలో గుండెపోటుతో పోయారు. ఆయన దగ్గరా పెద్ద కార్డే ఉండేది. అక్కయ్యకు అదనపు కార్డు, దాని మీద తన పేరు మెరిసే అక్షరాలతో. విజయవాడ వెళ్ళినప్పుడల్లా దర్జాగా గీకేది, మా అందరికీ చూపించేది. పెద్దకర్మ అయిన వారానికి మందుల కొట్లో ఆ కార్డు పనిచేయలేదు. బ్యాంకుకు సమాచారం వెళ్ళగానే బావగారి కార్డు ఆపేశారు, దానితోపాటే ఇదీ ఆగింది. లక్షకు పైగా ఉన్న పాయింట్లు ఆ ఖాతాతోనే పోయాయి. ఆయన ఈ పాయింట్లతోనే కాశీ తీసుకెళతానన్నారు. కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు ఆ కార్డు నుంచే కట్టుబడేవి, అవి ఒక్కొక్కటీ తప్పాయి. పైగా పాత బాకీ ఉందని రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు. "కార్డు మీద మీ పేరు ఉంది కదా, మీరే కట్టాలి" అని.

అది అబద్ధం. అదనపు కార్డు మీద వాడినదానికి కూడా బాధ్యత అసలు యజమానిదేనని రిజర్వ్ బ్యాంకు 2022 ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. పోయినవాళ్ళ బాకీ వాళ్ళు వదిలిన ఆస్తి మేరకే వారసుల మీదికి వస్తుంది, భార్య అయిన పాపానికి సొంత మెడకు చుట్టుకోదు. ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తరువాత వసూలు ఫోన్లు చేయకూడదని కూడా ఆ ఏడాదే చెప్పారు. ఇవేవీ అప్పుడు మాలో ఎవరికీ తెలియవు. అక్కయ్య గాజులు అమ్మి కట్టింది.

ఆ తరువాత ఆమె సొంతంగా కార్డు అడిగితే, "మీకు క్రెడిట్ చరిత్ర ఏమీ లేదండీ" అన్నారు. పదకొండేళ్ళు కార్డు వాడిన మనిషికి! అదనపు కార్డు వాడకం మామూలుగా అసలు యజమాని సిబిల్ లెక్కలోకే వెళుతుంది. నెలనెలా తేదీ గుర్తుపెట్టుకుని కట్టించింది ఆమె, మంచి పేరు వచ్చింది ఆయనకు. ఆయనతోపాటే ఆ పేరూ పోయింది.

అందుకే ఈ మూడు ముక్కలాటలో నేను నాలుగో కార్డు వేశాను. ఏటా ఆవకాయ, మాగాయ పెట్టి హైదరాబాదు, బెంగుళూరు పంపిన డబ్బు నా ఖాతాలో ఉంది. దానిలో లక్ష రూపాయలు నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద కార్డు తీసుకున్నాను. జీతం కాగితం అడగరు, ఐటీ రిటర్నులు అడగరు, పాన్, ఆధార్ చాలు. డిపాజిట్‌కు వడ్డీ మామూలుగానే వస్తుంది, కార్డు పరిమితి దానిలో తొంభై శాతం ఇచ్చారు. ఏడాది ఫీజు లేదు. విదేశీ మార్కప్ లేదు. లాంజు లేదు. కట్టకపోతే డిపాజిట్‌లోంచి కోసుకుంటారు, అది తెలుసుకునే తీసుకోవాలి. గడువులోగా మొత్తం కట్టకపోతే చాలా కార్డులకు నెలకు మూడున్నర శాతం పైన వడ్డీ పడుతుంది. ఊళ్ళో వడ్డీవ్యాపారి నయమనిపిస్తుంది. "కనీస మొత్తం" అని బిల్లులో కనిపించేది ఉచ్చు. అది కట్టి ఊరుకోకండి.

మావారు మొదట కొంచెం నొచ్చుకున్నారు. "నా కార్డు నీ దగ్గర ఉంది కదా, నేనేమన్నా లెక్క అడిగానా ఎప్పుడైనా?" అన్నారు. అడగలేదు, నిజమే. మంచి మనిషి. బావగారు కూడా మంచి మనిషే. ఆ మాట నేను పైకి అనలేదు, ఆయనకే తట్టినట్టుంది. మర్నాడు బ్యాంకుకు తనే బండి మీద తీసుకెళ్ళారు.

డాలస్‌లో మూడు నెలలు పటేల్ బ్రదర్స్‌లో కూరలు, మనవరాలికి గౌన్లు, కోడలికి చీర అన్నీ నా కార్డు మీదే. మొత్తం అరవై రెండు వేల చిల్లర. మార్కప్ లేక మిగిలింది రెండున్నర వేలు. మనవరాలి కాళ్ళకు వెండి మువ్వలు ఇక్కడికి వచ్చాక తిరువూరులో ఆ డబ్బుతోనే కొన్నాను, ఇంకొంచెం వేసి. మొన్న నా సిబిల్ స్కోరు మొదటిసారి కనిపించింది. మావారిదాని కన్నా ఎక్కువ ఉంది. ఆయనకు ఇంకా చూపించలేదు.

మావారి పెద్ద కార్డు సంగతా? ఈ ఏడాది ఫీజు పడకముందే తీసేయమని రాశాం. బాకీ ఏమీ లేకపోతే, అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకు ఇవ్వాలి, అదీ 2022 ఆదేశాల్లోనే ఉంది. వాళ్ళు ఫోన్ చేసి, "సార్, మీకోసం ఫీజు సగం చేస్తాం" అన్నారు. ఆయన నావైపు చూశారు. ముందు పాయింట్లన్నీ వాడేసుకోండి అన్నాను. వాటితో ఒక మిక్సీ వస్తోంది.

సోమవారం అక్కయ్య వస్తోంది, తిరువూరు బ్యాంకుకు వెళ్ళాలి. యాభై వేలతో మొదలుపెడతానంది. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయట. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్ళి, అక్కడి నుంచి బ్యాంకుకు. పెళ్ళి ఫోటో, రేషన్ కార్డు, బావగారి మరణ ధ్రువపత్రం నకళ్ళు రెండేసి తెచ్చుకోమని చెప్పాను.